పరీక్షల టైం టేబుల్ హాల్ టికెట్ దగ్గర మొదలవ్వాలి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల అటానమస్ కాలేజీల పరీక్షల నియంత్రణాధికారులకు,

నమస్కారం.

నేను ఈ ప్రాంతంలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. పాఠాలతో పాటు కొన్నేళ్లు ఎగ్జామ్ సెల్‌లో కూడా పనిచేశాను. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితాలు) సరిచూడటం, సీటింగ్ ప్లాన్ వేయడం, ప్రశ్నపత్రాల కట్టలు గదులకు పంపడం, సాయంత్రం జవాబు పత్రాల లెక్క తేలక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవడం, అన్నీ చేశాను. టైం టేబుల్ కూడా వేశాను. మీ పని ఎంత కష్టమో తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. యూనివర్సిటీ ఇచ్చిన తేదీల ప్రకారం నడిచే కాలేజీలు ఈ విషయంలో చేయగలిగింది తక్కువ. మీ దగ్గర టైం టేబుల్ మీ సంతకంతో వస్తుంది కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఆ అమ్మాయి హాల్ టికెట్ పట్టుకుని మా గదికొచ్చింది. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. వాళ్ల నాన్నగారు మిర్చి యార్డులో పనిచేస్తారు. "మేడమ్, ఈ రెండూ ఒకేసారి పడ్డాయి, చూడండి" అంది. చూశాను. మూడో వరుసలో రెగ్యులర్ పేపరు, ఏడో వరుసలో మూడో ఏడాది సప్లీ, అంటే తప్పిన సబ్జెక్టుకు మళ్లీ రాసే పరీక్ష. రెండింటి పక్కనా ఒకే తేదీ, రెండింటి పక్కనా 'ఎఫ్ఎన్', అంటే ఉదయం పూట. అప్పటికి ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పి చూసుకుందో, ఆ వరుసల మధ్య మడత దగ్గర చిరగడం మొదలైంది.

ఆ టైం టేబుల్ వేసింది నేనే. అప్పటికే నోటీసు బోర్డుకెక్కింది, ప్రశ్నపత్రాలు ఆ తేదీలతో ప్రింటయిపోయాయి. ఒక్కరి కోసం మార్చడం కుదరదన్నారు. "రెగ్యులర్ రాయమ్మా, సప్లీ వచ్చేసారి రాద్దువుగాని" అని నా నోటితోనే చెప్పాను. ఆ అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి ఉంది. చేరేనాటికి బ్యాక్‌లాగ్, అంటే పాసవ్వాల్సిన సబ్జెక్టు, ఉండకూడదని కంపెనీ షరతు. ఆ సబ్జెక్టుకి మళ్లీ సప్లీ పెట్టి ఫలితాలిచ్చేసరికి జాయినింగ్ తేదీ దాటిపోయింది. ఆ సప్లీ ఆమె రాసిన మొదటిసారే పాసైంది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మనం టైం టేబుల్ ఎలా వేస్తామో మీకు తెలుసు. ఎక్సెల్‌లో పైన బ్రాంచిలు, పక్కన తేదీలు. ఒక్కో బ్రాంచి, ఒక్కో సంవత్సరం ఒక్కో నిలువు గడి. ఆ గడిలో రెండు పేపర్లు ఒకే పూట పడకుండా చూసుకుంటాం. పోయిన ఏడాది షీటు తీసుకుని తేదీలు మార్చడం ఇంకా సులువు. విద్యార్థులందరూ తమ బ్రాంచి గడిలోనే ఉండిపోతే ఈ పద్ధతిలో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు అలా ఎవరున్నారు? ఈసీఈ కుర్రాడు సీఎస్‌ఈలో మైనర్, అంటే అదనపు సబ్జెక్టుల కోర్సు, చేస్తాడు. మెకానికల్ అమ్మాయి ఓపెన్ ఎలక్టివ్ కోసం సివిల్ వాళ్ల క్లాసులో కూర్చుంటుంది. డిటెయిన్ అయి తిరిగొచ్చినవాళ్లు ఒక రెగ్యులేషన్‌లో (సిలబస్, నిబంధనల కట్ట) మొదలుపెట్టి ఇంకో రెగ్యులేషన్‌లో చదువుతుంటారు. సప్లీలున్నవాళ్లైతే రెండు మూడు గడుల్లో ఒకేసారి ఉంటారు. వీళ్లెవరూ మన ఎక్సెల్ షీటులో కనబడరు. వాళ్లు మొదటిసారి కనబడేది హాల్ టికెట్ల మీదే, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

నేను అడుగుతున్నది ఇదే. టైం టేబుల్‌ని బ్రాంచి జాబితాలతో మొదలుపెట్టే పద్ధతి మానేసి, ఒక్కొక్క విద్యార్థి రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టండి. ఆ లెక్క చేతితో తెమిలేది కాదు. అందుకు పరిణామ పద్ధతి అల్గారిథమ్‌లు, అంటే జీవపరిణామాన్ని అనుకరించే కంప్యూటర్ లెక్కలు, ఉన్నాయి, వాటిని వాడుకుందాం.

ఎందుకు చేతితో తెమలదో చూద్దాం. ప్రతి పేపరూ ముగ్గులో ఒక చుక్క అనుకోండి. ఒక్క విద్యార్థి అయినా రెండు పేపర్లూ రాయాల్సి ఉంటే ఆ రెండు చుక్కల మధ్య గీత గీయాలి. ఆరు రెగ్యులర్లు, రెండు సప్లీలు ఉన్న ఒక్క విద్యార్థి వల్లే 28 గీతలు వస్తాయి. ఇప్పుడు ఒక్కో పూటకు ఒక్కో రంగు ఇచ్చి, గీత ఉన్న రెండు చుక్కలకు ఒకే రంగు పడకుండా ముగ్గంతా నింపాలి. పరీక్షల టైం టేబుల్‌కీ ఈ రంగుల లెక్కకీ ఉన్న సంబంధాన్ని వెల్ష్, పావెల్ అనే ఇద్దరు 1967లోనే రాశారు. ఎక్కువ గీతలున్న చుక్కకు ముందు రంగు వేయమని వాళ్లు చెప్పిన పద్ధతి ఇప్పటికీ మొదటి అడుగుగా పనికొస్తుంది. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ ఈ రంగుల సమస్య ఎంత కష్టమైన జాతికి చెందిందో నిరూపించారు. అన్ని రకాల ముగ్గులకూ త్వరగా, కచ్చితంగా జవాబిచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. పది రోజులు, రోజుకు రెండు పూటలు, 40 పేపర్లు అనుకున్నా, వాటిని సర్దగలిగే విధానాల సంఖ్య రాయాలంటే 53 అంకెలు కావాలి. మనలో ఎవరైనా రాత్రి పదింటిదాకా కూర్చుని చూడగలిగేది వాటిలో ఎన్ని?

పరిణామ పద్ధతి అంటే భయపడాల్సిన పని లేదు. గుంటూరు పక్కనే లాం ఉంది. ఎల్‌సీఏ 334 లాంటి మిరప రకాలు వచ్చిన పరిశోధన కేంద్రం అది. అక్కడ చేసేది మన రైతులందరికీ తెలుసు. మంచి లక్షణాలున్న మొక్కల్ని ఎంచుకుంటారు, వాటిని సంకరం చేస్తారు, వచ్చిన వాటిలో బాగున్నవి ఉంచి మిగతావి వదిలేస్తారు, మళ్లీ మళ్లీ అదే. కంప్యూటర్‌లోనూ ఇంతే. మిరప మొక్కల బదులు ఒక వంద టైం టేబుళ్లు. ఒక్కోదానికి మార్కులేస్తాం. మంచి మార్కులొచ్చిన వాటిని జతకట్టి కొత్తవి పుట్టిస్తాం, అక్కడక్కడా ఒక పేపరు తేదీ మారుస్తాం, చెత్తవి తీసేస్తాం. వేల తరాలు ఇలా నడుపుతాం. జాన్ హాలండ్ ఈ ఆలోచనకు 1975లో పుస్తకరూపం ఇచ్చారు.

అయితే టైం టేబుళ్ల విషయంలో ఒక చిక్కుంది. పుస్తకంలో చదివినట్టే చేసి నేనూ మొదట అక్కడే దెబ్బతిన్నాను. ఒక మంచి టైం టేబుల్ నుంచి సగం పేపర్ల తేదీలు, ఇంకో మంచిదాని నుంచి మిగతా సగం తీసుకుని కలిపితే, పుట్టేది చాలాసార్లు రెండింటికన్నా అధ్వానంగా ఉంటుంది. మొదటి సగంలో పేపర్లు ఒకదానితో ఒకటి సర్దుకుని ఉంటాయి, రెండో సగంలోవీ అంతే. కానీ ఈ సగానికీ ఆ సగానికీ పొత్తు కుదిరి ఉండదు. కలిపేసరికి కొత్త క్లాష్‌లు, అంటే ఒకే విద్యార్థికి ఒకే పూట రెండు పేపర్లు పడటాలు, బోలెడు. 1995లో ఎడిన్‌బరోలో టైం టేబుళ్ల మీద జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సులో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీకి చెందిన బర్క్, ఆయన తోటివాళ్లు దీనికి దారి చూపారు. పుట్టిన ప్రతి టైం టేబుల్‌నీ వెంటనే కాస్త చక్కదిద్దాలి. ఒక్కో పేపరునీ పక్క పూటలోకి జరిపి చూసి, మెరుగైతే ఉంచుతూ పోవాలి. ఆ తర్వాతే దాన్ని మిగతావాటితో పోటీకి పంపాలి. దీన్ని మెమెటిక్ అల్గారిథమ్ అంటారు. మా ల్యాబ్‌లో కూడా ఈ దిద్దుబాటు చేర్చాకే పని జరిగింది.

ఇక మార్కులు వేయడం. అసలు సంగతంతా ఇక్కడుంది. మీరు, నేను, విద్యార్థులు కలిసి మాట్లాడుకోవాల్సింది కూడా ఇక్కడే.

క్లాష్ ఉండకూడదన్నది తప్పనిసరి నియమం. బ్రాంచిలన్నింటికీ ఒకే ప్రశ్నపత్రం ఉంటే అది ఒకే పూట జరగాలన్నది ఇంకొకటి. వీటిలో రాజీ లేదు. ఆ తర్వాత వచ్చేది గ్యాప్, పేపరుకీ పేపరుకీ మధ్య దొరికే ఖాళీ. మన పిల్లలు టైం టేబుల్ వచ్చిన మరుక్షణం చూసుకునేది అదే. 1996లో కెనడాకు చెందిన కార్టర్, లాపోర్ట్, లీ 13 నిజమైన పరీక్షల సమాచారాన్ని పరిశోధకుల ముందు పెట్టారు. గ్యాప్‌ని కొలవడానికి వాడిన లెక్క తేలికైనది. ఒక విద్యార్థికి రెండు పేపర్లు వెంటవెంట పూటల్లో పడితే 16 పాయింట్ల శిక్ష, రెండు పూటల దూరమైతే 8, మూడైతే 4, నాలుగైతే 2, అయిదైతే 1, ఆపైన సున్నా. మూడు పేపర్లు వరుసగా మూడు పూటల్లో రాసే పిల్లవాడి ఖాతాలో 40 పాయింట్లు పడతాయి. అవే మూడు పేపర్లు ఒకటో పూట, నాలుగో పూట, ఏడో పూట పడితే 8 మాత్రమే. విద్యార్థులందరి పాయింట్లూ కూడి, విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే ఆ టైం టేబుల్ ఎంత కఠినమో తెలుస్తుంది.

ఈ లెక్కను ఉన్నదున్నట్టు మన దగ్గర పెట్టేస్తే మాత్రం పొరపాటే. ఇందులో ఉదయం, మధ్యాహ్నం ఒకే రోజు రాయడానికీ, మధ్యాహ్నం రాసి మర్నాడు ఉదయం రాయడానికీ తేడా లేదు. రెండూ 16 పాయింట్లే. రేపల్లె నుంచి రోజూ రైలెక్కి వచ్చే పిల్లకి ఆ రెండూ ఒకటేనా? సాయంత్రం అయిదుకు పరీక్ష ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది, మళ్లీ పదింటికల్లా హాల్లో ఉండాలంటే తెల్లవారకముందే లేవాలి. చదువుకోవడానికి మిగిలే సమయం ఎంత? హాస్టల్లో ఉన్న పిల్లకి ఆ రాత్రి ఒక రాత్రే. ఈ తేడాను పాయింట్లలో రాయాల్సింది మనమే. అల్గారిథమ్‌కి రేపల్లె ఎక్కడుందో తెలియదు.

దివ్యాంగ విద్యార్థుల విషయం ఇంకా ముఖ్యం. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం వాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. పది నుంచి ఒంటిగంట దాకా ఉన్న పేపరు వాళ్లకు రెండింటికి ముగుస్తుంది. మధ్యాహ్నం పేపరు మొదలయ్యేది కూడా రెండింటికే. బ్రాంచి గడిలో చూస్తే ఏ క్లాష్ లేదు. ఆ విద్యార్థి మాత్రం అన్నం తినకుండా, కుర్చీలోంచి లేవకుండా ఎనిమిది గంటలు రాయాలి. వీరికి ఒకే రోజు రెండు పేపర్లు పడటాన్ని శిక్ష పాయింట్లతో సరిపెట్టకండి, తప్పనిసరి నియమంలోనే చేర్చండి. ఇంతవరకు ఎవరూ గట్టిగా అడగలేదంటే, వాళ్లు తక్కువమంది కావడమే కారణం.

మన ఊళ్ల క్యాలెండర్ కూడా లెక్కలోకి రావాలి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లింపులు ఎలా ఉంటాయో విజయవాడ కాలేజీల వాళ్లకు చెప్పనక్కర్లేదు. మహాశివరాత్రికి బస్సులు కోటప్పకొండకు వెళ్లిపోతే నరసరావుపేట వైపు పిల్లలు ముందురోజు, మర్నాడు ఎలా వస్తారు? మిడ్ పరీక్షలైనా సరే, ఆ రోజుల్లో పేపర్ పెడితే ఎక్కువ శిక్ష పడేలా రాసుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస చాలు.

ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఎక్కువమంది రాసే పేపర్లు ముందే అయిపోవాలని ఎగ్జామ్ సెల్ కోరుకుంటుంది, వాల్యుయేషన్ త్వరగా మొదలవుతుంది కాబట్టి. ఇది న్యాయమైన కోరికే. 2007 అంతర్జాతీయ టైం టేబులింగ్ పోటీలో కూడా దీన్ని ఒక అంశంగా పెట్టారు. కానీ పిల్లలకు కష్టమైన సబ్జెక్టు ముందు గ్యాప్ కావాలి. ఇప్పుడు ఈ రెండు కోరికల మధ్య తీర్పు మన తలల్లో, ఎవరికీ తెలియకుండా జరిగిపోతోంది. పాయింట్లు రాసుకుంటే దేనికి ఎంత విలువ ఇచ్చామో కాగితం మీద ఉంటుంది. ఆ కాగితాన్ని టైం టేబుల్‌తో పాటే నోటీసు బోర్డులో పెట్టండి.

సగటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మేం అందులో ఒకసారి మోసపోయాం. మా విద్యార్థులతో కలిసి ఒక పాత సెమిస్టర్ రిజిస్ట్రేషన్లు, పేర్లు తీసేసి, ప్రోగ్రామ్‌కి ఇచ్చాం. రాత్రి వదిలేసి వెళ్తే ఉదయానికి క్లాష్ ఒక్కటీ లేని టైం టేబుల్ సిద్ధంగా ఉంది, సగటు కూడా పాతదానికంటే బాగుంది. అందరం సంతోషపడ్డాం. తర్వాత ఒక్కొక్క విద్యార్థి పాయింట్లు విడిగా చూస్తే, ఒక అబ్బాయికి మూడు రోజుల్లో అయిదు పేపర్లు పడ్డాయి. వందల మందికి కాస్త కాస్త గ్యాప్ పెరిగింది, దాని బరువంతా ఆ ఒక్కడి మీద పడింది. సప్లీలున్నవాళ్లే ఇలా దొరికిపోతారు. వాళ్లు కొద్దిమంది, వాళ్ల పేపర్లు ఎటు జరిపినా సగటు పెద్దగా కదలదు. అప్పటినుంచి సగటుతో పాటు అందరికన్నా ఎక్కువ పాయింట్లున్న విద్యార్థి పాయింట్లను కూడా శిక్షలో కలిపాం. సగటు కొంచెం పెరిగింది. ఆ అబ్బాయి అయిదు పేపర్లు మాత్రం వారానికి పైగా విస్తరించాయి. ఈ మార్పు చేయడం న్యాయమని నా గట్టి నమ్మకం. మీరు ఇంకోలా అనుకుంటే వాదించండి, వింటాను.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. రిజిస్ట్రేషన్లు ఫైన్‌తో కలిపి చివరి నిమిషం దాకా వస్తూనే ఉంటాయి కదా, వాటికోసం ఆగితే టైం టేబుల్ ఎప్పుడిస్తాం? ఆగక్కర్లేదు. ఫలితాలొచ్చిన రోజే ఎవరికి ఏ సబ్జెక్టు మిగిలిందో మన దగ్గర ఉంటుంది. వాళ్లందరూ సప్లీ కడతారనుకునే లెక్కేయండి. కొందరు కట్టకపోతే నష్టం లేదు, కాస్త ఎక్కువ జాగ్రత్త పడ్డట్టు అవుతుంది. ఖర్చు మాటకొస్తే, మామూలు ల్యాబ్ కంప్యూటర్ చాలు. పైథాన్‌లో రాసుకోవాలంటే డీప్ (DEAP) అనే ఉచిత లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌ల కట్ట, ఉంది. మొదటి నుంచి రాసే ఓపిక లేకపోతే అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ వాడే యూనిటైమ్ ఉంది, అదీ ఉచితమే, పరీక్షల టైం టేబుల్ భాగం అందులోనే ఉంటుంది. ప్రతి కాలేజీలోనూ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వెతుక్కునే పిల్లలున్నారు.

పరిణామ పద్ధతే వాడాలన్న పట్టుదల నాకు లేదు. ఇందాక చెప్పిన 2007 పోటీలో పరీక్షల విభాగం గెలిచిన తోమాష్ ముల్లర్ ప్రోగ్రామ్‌లో టైం టేబుళ్ల గుంపు, తరాలు లేవు. ఒకే టైం టేబుల్‌ని అంచెలంచెలుగా దిద్దుకుంటూ పోయే పద్ధతి అది. మీ దగ్గర చేసేవాళ్లకు ఏది బాగా వస్తే అది వాడండి. నాకు పరిణామ పద్ధతి నచ్చడానికి కారణం, చివర్లో ఒకే జవాబు కాకుండా రకరకాల మంచి టైం టేబుళ్లు చేతికి రావడం. అయిదారు ముందు పెట్టుకుని హెచ్‌ఓడీలతో, క్లాస్ రిప్రజెంటేటివ్‌లతో కూర్చుని ఎంచుకోవచ్చు.

ఇంకో కారణం వరద. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. అలాంటప్పుడు రెండు మూడు రోజుల పేపర్లు వాయిదా వేయక తప్పదు. వాయిదా పడ్డవాటిని ఖాళీ ఉన్నచోట ఇరికిస్తాం, టెన్షన్‌లో కొత్త క్లాష్‌లు పుట్టేది అప్పుడే. ఉన్న టైం టేబుల్‌నే విత్తనంగా ఇచ్చి, అయిపోయిన పేపర్లను కదలకుండా బిగించి, మిగతావాటిలో తేదీ మారిన ప్రతిదానికీ శిక్ష పెట్టి నడిపితే, వీలైనంత తక్కువ మార్పులతో కొత్తది వస్తుంది. ఇల్లు మునిగి పుస్తకాలు తడిసిపోయిన పిల్లకి ఫోన్‌లో వచ్చే సవరణ ఎంత చిన్నదైతే అంత మేలు.

కంప్యూటర్ ఇచ్చిందాన్ని నమ్మేదెలా అంటారా? నమ్మొద్దు. టైం టేబుల్ వేసే ప్రోగ్రామ్ ఒకటి, దాన్ని సరిచూసే ప్రోగ్రామ్ వేరొకటి ఉండాలి, రెండూ వేర్వేరు మనుషులు రాయాలి. సరిచూసేది చాలా చిన్నది. ఒక్కో హాల్ టికెట్ నంబరు తీసుకుని, ఆ విద్యార్థి పేపర్ల తేదీ, పూట వరసగా రాసి, ఒకే తేదీ, పూట రెండుసార్లు వచ్చిందా అని చూడటమే. ఆ ఒక్క పని ఆ రోజు నేను చేసుంటే ఆ అమ్మాయి మా గదికి రావాల్సిన పనే ఉండేది కాదు.

కాబట్టి అల్గారిథమ్‌లు తర్వాత, ముందు ఈ పని చేయండి. మీ కాలేజీలో జరిగిపోయిన ఏదైనా ఒక సెమిస్టర్ తీసుకోండి. రెగ్యులర్, సప్లీ, మైనర్, ఓపెన్ ఎలక్టివ్, అన్ని రిజిస్ట్రేషన్లూ ఒకే ఫైలులో కలపండి. అప్పుడు ఇచ్చిన టైం టేబుల్‌తో సరిచూడండి. ఒక మధ్యాహ్నం పని. ఎన్ని క్లాష్‌లు వచ్చాయో, ఒకే రోజు రెండేసి పేపర్లు ఎంతమంది రాశారో, వాళ్లలో అదనపు సమయం ఉన్నవాళ్లెవరైనా ఉన్నారో చూడండి. సున్నా వస్తే చాలా సంతోషం, మీరెలా చేస్తున్నారో నేర్చుకోవడానికి నేనే వస్తాను. సున్నా కాకపోతే, వచ్చే సెమిస్టర్ నోటిఫికేషన్‌కి ముందు కబురు పెట్టండి. మా విద్యార్థులు రాసిన ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకుని ఏ శనివారమైనా మీ ఎగ్జామ్ సెల్‌కి వస్తాను, గుంటూరైనా, విజయవాడైనా సరే.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
గుంటూరు.